పరుగుకు హాల్ టికెట్

నాకు పరుగు జబ్బు ఉందని మా ఆవిడ నీలవేణి అంటుంది. ఆమె విజయనగరంలో ఆసుపత్రి నర్సు కాబట్టి ఆ మాటను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. నన్నెవరూ తరమకపోయినా పరుగెత్తుతాను. ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేకపోయినా పరుగెత్తుతాను. పరుగెత్తి పరుగెత్తి మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తాను. ఈ లక్షణాలు విని వాళ్ళ డాక్టరు గారు కూడా కాసేపు ఆలోచనలో పడ్డారట.

నా పేరు అప్పలసూరి. తామరకొండ ఆశ్రమ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. తామరకొండ ఏజెన్సీలో ఉంది. అక్కణ్ణుంచి విజయనగరానికి రోజుకి ఒకటే బస్సు. శనివారం బడి వదలగానే ఆ బస్సెక్కి ఇంటికి చేరడం, సోమవారం చీకటుండగానే లేచి మళ్ళీ కొండెక్కడం. మా అమ్మాయి చైత్ర పుట్టినప్పట్నుంచీ ఇదే వరస. ఇంటికి చుట్టాలొస్తే అది వాళ్ళతోపాటు నాకూ మంచినీళ్ళు తెచ్చిచ్చి, మీరెప్పుడొచ్చారని అడిగేది. ఆ గ్లాసు తీసుకుని తాగడం ఎంత కష్టమో తాగినవాడికే తెలుస్తుంది.

భార్యాభర్తల కోటాలో బదిలీ పెట్టుకున్నాను. మీ ఆవిడది వైద్యశాఖ, మీది గిరిజన సంక్షేమం, ఈ రెండు శాఖలకూ కాపురం కుదరదని చెప్పి కాగితం వెనక్కి పంపారు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పంపారు. ఆ విసుగంతా నేను పరుగులో తీర్చుకునేవాణ్ణి.

సెలవుల్లో ఎక్కడ పరుగు పందెం ఉన్నా వెళ్ళేవాణ్ణి. విశాఖ బీచ్ రోడ్డులో ఉక్కకి చొక్కా కాసేపట్లోనే ఒంటికి అతుక్కుపోతుంది. నెల్లూరులో కింద నుంచి తారు రోడ్డు, పైనుంచి సూర్యుడు కలిసి వండుతారు. అరకు పొగమంచులో ముందువాడి మడమలు తప్ప ఏమీ కనపడవు. ఒకసారి నేను నమ్ముకుని వెంటపడ్డ మడమలు పందెంలో లేని పాలవాడివని వాళ్ళ ఊరు చేరాక తెలిసింది. వాళ్ళావిడ నాకు మజ్జిగ ఇచ్చి, దారి చూపించింది. ఎక్కడా బహుమతి రాలేదు. ఎప్పుడూ మధ్యలో వచ్చేవాణ్ణి. మధ్యలో రావడంలో ఒక సుఖముంది. ముందు కొందరు, వెనక కొందరు, నీ ఊపిరి నీకు వినబడుతూ ఉంటుంది, నిన్నెవరూ పట్టించుకోరు.

ఇలా ఉండగా రాజధానిలో ఒక పెద్ద అధికారిని డాక్టర్లు నడవమన్నారు. ఆయన నడిచాడు, బాగుంది. పరుగెత్తాడు, ఇంకా బాగుంది. మామూలు మనిషైతే అక్కడితో ఊరుకునేవాడు. ఆయన చేతిలో సంతకం ఉండటం వల్ల ఆ ఆరోగ్యం రాష్ట్రమంతా వ్యాపించింది. పది కిలోమీటర్లు గంటలోపు పరుగెత్తిన ఉద్యోగికి ఈ ఏటి బదిలీల్లో ప్రత్యేక ప్రాధాన్యం ఇస్తారని, దానికి శాఖల తేడా అడ్డురాదని ఉత్తర్వు వచ్చింది.

ఆ రోజు నేను స్టాఫ్ రూములో కుర్చీ దొరక్క నిలబడే ఉన్నాను, కుర్చీ ఖాళీ అయినా కూర్చోలేకపోయాను. పది కిలోమీటర్లు గంటలోపు నేను రోజూ టీ తాగకముందు పరుగెత్తేవే. వెంటనే నీలవేణికి ఫోన్ చేశాను. ఈసారి ఇంటికొచ్చేస్తున్నాను అన్నాను. అంత తేలిగ్గా ఉంటే అది గవర్నమెంటు ఆర్డరు ఎందుకవుద్దండీ అంది.

ఈ పరుగు నిర్వహించడానికి క్రీడా శాఖలో మనుషులు లేరు. ఎంపికల మండలి అనే సంస్థలో మనుషులున్నారు, పని లేదు. ఉద్యోగాల పరీక్షలు పెట్టడం వాళ్ళ పని. నోటిఫికేషన్లు వచ్చి చాలా ఏళ్ళయింది కాబట్టి అందరూ కడుపులో చల్ల కదలకుండా ఉన్నారు. లక్షలమందిని ఒకేసారి కదలకుండా కూర్చోబెట్టిన అనుభవం వాళ్ళకుంది, కొన్ని వేలమందిని కదిలించడం ఒక లెక్కా అనుకుని ప్రభుత్వం పరుగును వాళ్ళ చేతిలో పెట్టింది.

మండలి వాళ్ళు తమకు వచ్చిన పనినే చేశారు. అభ్యర్థులకు హాల్ టికెట్లు పంపారు. సెషన్ ఉదయం పది గంటలకు మొదలై పదకొండుకి ముగుస్తుంది. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. నీళ్ళ సీసాలోంచి అవతలి మనిషి కనపడాలి. చేతి గడియారం నిషేధం. బూట్లు నిషేధం, చెప్పులతో మాత్రమే రావాలి. పక్క అభ్యర్థిని చూసి పరుగెత్తితే మాల్ ప్రాక్టీసు కింద బుక్ చేస్తారు. నా కేంద్రం హిందూపురం. విజయనగరంలోనూ ఒక కేంద్రముంది గాని, అక్కడ పరుగెత్తడానికి హిందూపురం వాళ్ళు వస్తున్నారు.

ఏదో పొరపాటు జరిగి ఉంటుందని విజయవాడ వెళ్ళి మండలి కార్యదర్శి ఏకాంబరేశ్వరరావు గారిని కలిశాను. ఆయన నన్ను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు లేవడానికి ఎవరి అనుమతి అడగాలో అని నాకు భయమేసింది. బూట్ల సంగతి అడిగాను.

"అభ్యర్థి పాదరక్షలో పాదం తప్ప ఇతరత్రా ఏమీ ఉండరాదన్నది మండలి స్థిర విధానం," అన్నారాయన. "అది నిర్ధారించుకోవాలంటే బూటు విప్పించాలి. విప్పిన బూటును తిరిగి తొడుగుకొనుటకు షెడ్యూలులో వ్యవధి కేటాయించబడలేదు."

బూటులో మేం మాత్రం ఏం దాచుకుంటామండీ అన్నాను. దాచినది దొరికినప్పుడు గాని మండలికి కూడా తెలియదన్నారు. పరుగులు ఎక్కడైనా తెల్లవారుజామున పెడతారు, మే నెలలో పదింటికి ఎండ మండిపోతుంది కదా అన్నాను. తెల్లవారుజామున వాతావరణం అభ్యర్థికి అనుకూలంగా ఉంటుంది, అనుకూలంగా ఉంటే అది పోటీ ఎట్లా అవుతుంది, పైగా సిబ్బంది పదింటికే వస్తారు అన్నారు. ఒక్కో ఊళ్ళో ఒక్కో ఎండ ఉంటుంది, మరి అందరికీ న్యాయం ఎలా జరుగుతుంది అన్నాను.

ఆయన ముఖంలో కన్నతండ్రి వాత్సల్యం కనిపించింది. "నార్మలైజేషన్," అన్నారు.

తర్వాత వివరించారు. ప్రతి కేంద్రానికీ ఒక వాతావరణ కాఠిన్య గుణకం ఉంటుందట. ఎండ ఎక్కువున్న చోట పరుగెత్తినవాడి టైములోంచి కొంత తీసేస్తారు, చల్లగా ఉన్న చోట పరుగెత్తినవాడి టైముకి కొంత కలుపుతారు. అప్పుడు రాష్ట్రమంతా ఒకే ఎండలో పరుగెత్తినట్టు అవుతుంది. నేను దణ్ణం పెట్టి వచ్చేశాను.

మా బళ్ళో లెక్కల మాస్టారు పాపినాయుడు కూడా దరఖాస్తు పెట్టాడు. నల్లబల్ల దాకా నడవాల్సొస్తుందని లెక్కలు నోటితోనే చెప్పే మనిషి అతను. విశాఖలో కొత్తగా పుట్టిన పరుగు కోచింగ్ సెంటర్లో చేరాడు. అక్కడ రోజంతా బెంచీల మీద కూర్చోబెట్టి పరుగు చెబుతారట, ఊరూరి గుణకాలు బట్టీ పట్టిస్తారట, వారానికొకసారి మాక్ పరుగు రాయిస్తారట. నేను పొద్దున్నే కొండ దిగి ఎక్కి చెమటలు తుడుచుకుంటుంటే అతను మెట్ల మీద కూర్చుని జాలిగా చూసేవాడు.

"మాస్టారూ, తమరు ఊరికే కాళ్ళు అరగదీసుకుంటన్నారు," అన్నాడు ఒకరోజు. "ఇది కాళ్ళ పరీక్ష కాదండి బాబూ, గుణకాల పరీక్ష. సెంటరు మంచిది పడాల గానీ, పరుగుదేటుంది."

తనకి రెంటచింతల పడితే సింహాచలం నడిచి వస్తానని అప్పన్నకి మొక్కుకున్నాడు. అది విన్న దేవుడికి కూడా ముచ్చటేసి ఉంటుంది. అతనికి రెంటచింతలే పడింది.

హిందూపురం ప్రయాణం సంగతి ఎక్కువ చెప్పను. విజయవాడ స్టేషన్లో రైలు మారుతుంటే హిందూపురం నుంచి విజయనగరం పరుగెత్తడానికి వస్తున్న తాలూకా ఆఫీసు గుమాస్తా ఒకాయన బెంచీ మీద పక్కన కూర్చున్నాడు. ఇద్దరి హాల్ టికెట్లూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. యాడైనా పరిగెత్తేదే గదప్పా, దానికింత దూరం రైల్లో కూచోని పొయ్యేదెందుకు అన్నాడాయన. ఆయన మా ఊళ్ళో మంచి హోటలు ఏదో అడిగాడు, నేను వాళ్ళ ఊళ్ళో సత్రం అడిగాను. ఒకరికొకరు విజయం కోరుకుని ఎవరి రైలు వాళ్ళం ఎక్కాం.

పరుగు నాటి పొద్దున హిందూపురంలో సన్నగా జల్లు పడింది. తర్వాత మబ్బు పట్టి ఉండిపోయింది. మే నెలలో పరుగెత్తేవాడికి అలాంటి ఆకాశం కనిపిస్తే దానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నేను పెట్టాను. నా పక్కనున్న ఒక వ్యవసాయ శాఖాయన మాత్రం ఆకాశం కేసి చూసి ముఖం మాడ్చుకున్నాడు. ఆయన కోచింగ్ తీసుకున్నాడని తర్వాత తెలిసింది.

వేలిముద్ర వేయించుకుని, జేబులు తడిమి, హవాయి చెప్పులు వంచి చూసి లోపలికి పంపారు. గంట కొట్టగానే బయల్దేరాం. రోడ్డంతా చెప్పుల చప్పుడు. మొదటి మలుపు దాటేసరికి నా చెప్పు వారు తెగింది. రెండో చెప్పు ఒక్కటే ఉండి ఏం చేస్తుందని దాన్ని కూడా వదిలేసి వట్టికాళ్ళతో పరుగెత్తాను. తడిసిన రోడ్డు చల్లగా ఉంది. కాసేపటికి ఒక బక్కపల్చటి కండక్టరు నా పక్కకి వచ్చాడు. అతని అడుగు, నా అడుగు కలిశాయి. మాటల్లేకుండా ఇద్దరం హాయిగా పోతున్నాం. ఇంతలో మోపెడ్ మీద ఇన్విజిలేటరు ఒకావిడ వచ్చి ఈల వేసింది. ఒకే వేగంతో పరుగెత్తుతున్నారు, ఎవరు ఎవర్ని చూసి పరుగెత్తుతున్నారో చెప్పండి అంది. నేనే అతన్ని చూస్తున్నానని ఒప్పుకున్నాను, అతను కుర్రాడు, ఉద్యోగంలో కొత్త. తల వంచుకుని ఎవరి పరుగు వాళ్ళు పరుగెత్తమని హెచ్చరించి వదిలేసింది.

ఎంత టైము పట్టిందో నాకు చెప్పడానికి చేతికి గడియారం లేదు. కానీ ఒంటికి తెలుస్తుంది. ఇన్నేళ్ళ పరుగులో అంత తేలిగ్గా నేనెప్పుడూ పరుగెత్తలేదు. చివరి మలుపు తిరిగి గేటు కనపడగానే చైత్ర ముఖం కళ్ళముందు మెదిలింది, ఇంక అయిపోయింది, ఇంటికి వెళ్ళిపోవచ్చు అనుకున్నాను. గేటుకి తాళం వేసి ఉంది.

తాళం దగ్గర కూర్చున్న ఇంకో ఇన్విజిలేటర్ గంట కొట్టేదాకా తియ్యనన్నాడు. సెషన్ ముగియకుండా అభ్యర్థి కేంద్రం వదిలి వెళ్ళరాదని నిబంధన చూపించాడు. నేను వెళ్ళడం లేదు, వస్తున్నాను అన్నాను.

"గేటుకి రావడం పోవడం ఉండవు సార్," అన్నాడతను. "తెరవడం, మూయడమే ఉంటాయి."

ఊచలు పట్టుకుని నిలబడ్డాను. కండక్టరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. మధ్యలోనే వెనక్కి తిరిగి నడిచినవాళ్ళు వచ్చారు. జామకాయ తింటూ ఒక సూపరింటెండెంటు గారు వచ్చి, ఇంకా తియ్యలేదా అని అడిగారు. ఊపిరి సర్దుకుంది, చెమట ఆరింది, కాళ్ళు బిగుసుకున్నాయి. గంట కొట్టారు. గేటు తెరిచారు. అందరం ఒక్కసారిగా లోపలికి తోసుకున్నాం. అందరికీ సరిగ్గా గంట టైము వేశారు.

ఫలితాల్లో హిందూపురం వాతావరణాన్ని అతి సులభమైనదిగా గుర్తించారు. మా గంటకి మరికొన్ని నిమిషాలు కలిపారు. గంట దాటింది కాబట్టి హిందూపురంలో పరుగెత్తిన ప్రతివాడూ ఫెయిలయ్యాడు. జామకాయాయన కూడా ఫెయిలయ్యాడు, అదొక్కటే నాకు కాస్త ఊరట.

రెంటచింతలలో ఆ రోజు వడగాల్పుల హెచ్చరిక వచ్చిందట. అభ్యర్థుల ప్రాణాలు దృష్టిలో పెట్టుకుని పరుగులో కిలోమీటర్లన్నీ తొలగించారట. తొలగించిన కిలోమీటర్లకు, తొలగించిన ప్రశ్నలకు లాగే, అందరికీ పూర్తి గుర్తింపు ఇచ్చారు. పాపినాయుడు షామియానా కింద కూర్చుని మూడు గ్లాసుల మజ్జిగ తాగాడు. పరుగే లేదు కాబట్టి టైము సున్నా వచ్చింది. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ కాబట్టి ఆ సున్నాలోంచి గుణకం తీసేశారు. ఆ ప్రకారం పాపినాయుడు బయల్దేరడానికి చాలాముందే గమ్యం చేరాడు. రాష్ట్రానికి ప్రథముడు.

ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్లో కోచింగ్ సెంటరు వాళ్ళు అతని మెడలో దండవేసిన బొమ్మ పెద్దదిగా వేశారు. కోరుకున్న ఊరికి బదిలీ అయ్యింది. వెళ్ళేరోజు నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నాకూ ఏటో సిగ్గుగానే ఉందండి మాస్టారూ, కానీ మా ఇంటిది ఆ పేపరు కత్తిరించి దేవుడి గదిలో అతికించేసింది అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది, ఎవరిమీదో ఒకరిమీద ఉండేది.

ఫలితాల మీద అభ్యంతరం పెట్టుకోవచ్చు. పెట్టాను. విచారణకు పిలిచారు. నేను గంటకంటే చాలాముందే చేరానని, గేటు వేసి ఉందని ఏకాంబరేశ్వరరావు గారికి చెప్పాను. చేరినట్టు ఆధారమేమిటన్నారు. నా కాళ్ళండీ అన్నాను, ఇంకేం చెప్పాలో తోచక. కావలిస్తే ఇప్పుడే మీ ముందు పరుగెత్తుతాను, గడియారం మీరే పట్టుకోండి అన్నాను.

ఆయన బల్ల మీదికి వంగి, కుర్చీలోంచి కొద్దిగా లేచి, నా కాళ్ళకేసి చూశారు. "ప్రస్తుతం అవి వివాదంలో ఉన్నాయి," అన్నారు. "అభ్యంతరం పరిష్కారమయ్యే వరకు అభ్యర్థి సామర్థ్యాన్ని యథాతథ స్థితిలో ఉంచవలెను. ఈ మధ్యలో మీరు సాధన చేసి వేగం పెంచుకున్నా, తగ్గించుకున్నా, ఆనాటి వేగం ఎంతో మండలి ఎట్లా తేల్చగలదు? కనుక తదుపరి ఉత్తర్వులు వెలువడే దాకా తమరు పరుగెత్తరాదు."

ఆ మేరకు ఉత్తర్వు చేతికిచ్చారు. నాలాంటి అభ్యంతరదారులు చాలామంది ఉన్నారని, వాళ్ళు దొంగతనంగా పరుగెత్తకుండా ఫ్లయింగ్ స్క్వాడ్లు తిరుగుతుంటాయని కూడా చెప్పారు. వెళ్ళొస్తానంటే, నడిచే వెళ్ళండి అన్నారు.

బదిలీలు అయిపోయాయి. బడి తెరిచారు. నేను తామరకొండలోనే ఉన్నాను. పొద్దున్నే మెలకువ వచ్చేది. వరండాలో కూర్చుని కొండ మీద మంచు విడిపోవడం చూసేవాణ్ణి. ఆ మంచులో ఎలా ఊపిరి తీసుకోవాలో, వాన పడ్డ మర్నాడు ఏ మలుపు దగ్గర జారుతుందో నాకు తెలుసు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గాని, ఆ పొద్దుటిపూటలు నాకు ఏడుపొచ్చేది. అటు ఇల్లూ లేకపోయె, ఇటు పరుగూ లేకపోయె. నాకున్నవే ఆ రెండు.

ఒక శనివారం నీలవేణి ఫోన్ చేసింది. మర్నాడు చైత్ర స్కూల్లో వార్షికోత్సవం, దానికి చీమ వేషం ఇచ్చారు, మీరొస్తారా రారా అని పొద్దుట్నుంచీ ప్రాణం తీస్తంది అని చెప్పింది. వస్తానన్నాను. ఆఖరి పీరియడ్లో తనిఖీకి ఎవరో వచ్చి కాస్త ఆలస్యం చేశారు. నేను రోడ్డెక్కేసరికి బస్సు కదిలిపోయింది.

ఉత్తర్వు గుర్తుంది. చాలా గుర్తుంది. పెద్ద పెద్ద అడుగులు వేస్తూ నడిచాను, చెయ్యి ఊపాను. డ్రైవరు చూడలేదు. బస్సు ఘాట్ మలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఇంక నా కాళ్ళు నన్ను అడగలేదు.

అన్నాళ్ళు ఆపి ఉంచిన కాళ్ళు. వేటినీ లెక్కచెయ్యలేదు. రెండు మలుపుల తర్వాత బస్సు కనిపించింది. దాని వెనకే పోతుంటే నా పక్కన ఒక జీపు వచ్చింది. నాకు లిఫ్ట్ ఇస్తారనుకుని సంతోషించాను. అది ఫ్లయింగ్ స్క్వాడ్. వాళ్ళు ఆపలేదు, అరవలేదు. ఒకాయన గడియారం పట్టుకుని, ఒకాయన జీపు మీటరు చూసి చెబుతూ, ఇంకొకాయన వీడియో తీస్తూ నా పక్కనే చాలాదూరం వచ్చారు. నేరం రుజువు కావాలంటే వేగం కొలవాలి కదా. చివరికి మా ఊరి బస్సు కండక్టరు నన్ను చూసి ఆపించి చెయ్యందించాడు. స్క్వాడ్ ఆయన కిటికీ దగ్గరికొచ్చి నా పేరు అడిగి, చాలా బాగా పరుగెత్తారండీ అని సంతకం తీసుకున్నాడు.

చైత్ర చీమగా బాగా చేసింది. తనకంటే పెద్ద బెల్లం ముక్క మోసుకుంటూ స్టేజీ మీద ఇటునుంచి అటు వెళ్ళడం దాని పని. మధ్యలో నన్ను చూసి బెల్లం దించేసి చెయ్యూపింది.

సస్పెన్షన్ ఉత్తర్వు వారంలోపే వచ్చింది. విచారణ పూర్తయ్యేదాకా నన్ను విధుల్లోంచి తప్పించారు. సస్పెన్షన్లో ఉన్నవాడు ఏ ఊళ్ళో ఉండాలో కూడా అందులో రాస్తారు, దాన్ని హెడ్ క్వార్టర్ అంటారు. తామరకొండ పరిసరాల్లో ఖాళీ రోడ్లు, చల్లని వాతావరణం ఉండి నిందితుణ్ణి పరుగుకు ప్రేరేపించే అవకాశం ఉన్నందున, ట్రాఫిక్ వల్ల ఎవరూ పరుగెత్తలేని విజయనగరాన్ని నా హెడ్ క్వార్టరుగా నిర్ణయించారు. రాతపూర్వక అనుమతి లేనిదే నేను ఆ ఊరు విడిచి వెళ్ళరాదు.

నీలవేణి ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి ఆ కాగితం చదివింది. మళ్ళీ చదివింది.

"అంటే మీరు ఈ ఊరు వదిలి ఎల్లకూడదా?" అంది.

"కూడదు."

"సోమారం కూడానా?"

"ఏ వారమూ కూడదు."

ఆమె లోపలికి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కుంది. ఆ పూట పాయసం చేసింది. సస్పెండైనవాడి ఇంట్లో పాయసమేమిటని పక్కింటివాళ్ళు అనుకుంటారేమోనని తలుపు వేసింది.

ఇన్నేళ్ళుగా బుద్ధిగా పనిచేసి, కాగితాలు పెట్టి, కాళ్ళరిగేలా తిరిగి, నిజాయితీగా పరుగెత్తి సాధించలేనిది నాకు ఒక్క నేరంతో దొరికింది. సగం జీతంతో నేనంత సుఖంగా ఎప్పుడూ లేను. చైత్రకి జడ వెయ్యడం నేర్చుకున్నాను. మొదట్లో వంకరగా వచ్చేది, దాని టీచరు ఏమీ అనకుండా మళ్ళీ వేసేది. ఇప్పుడు అది నాకు మంచినీళ్ళు తెచ్చివ్వడం మానేసింది. తనకి కావాలంటే నన్నే తెమ్మంటుంది.

ఇలా నడుస్తుండగా మండలి నుంచి మళ్ళీ పిలుపొచ్చింది, ఊరు దాటడానికి రాతపూర్వక అనుమతితో సహా.

ఏకాంబరేశ్వరరావు గారు ఈసారి ఎదురొచ్చి నన్ను కూర్చోబెట్టారు. ఫ్లయింగ్ స్క్వాడ్ వారు నమోదు చేసిన నా వేగాన్ని మండలి క్షుణ్ణంగా పరిశీలించిందట. ఆ వేగంతో పది కిలోమీటర్లు గంటలోపు అవలీలగా పరుగెత్తవచ్చట. అది మండలి స్వంత సిబ్బంది కొలిచిన వేగం కాబట్టి నమ్మక తప్పదట. నా అభ్యంతరాన్ని అంగీకరించి నన్ను ఉత్తీర్ణుడిగా ప్రకటించబోతున్నారు. సస్పెన్షన్ ఎత్తేస్తారు. సర్టిఫికెట్ ఇస్తారు. నేను వెంటనే తామరకొండలో చేరిపోవచ్చు.

మరి బదిలీ అని అడిగాను. ఆ ప్రాధాన్యం ఆ ఏటి బదిలీలకే వర్తిస్తుందని, అవి ముగిశాయని, ఈ ఏడు ఆ పెద్ద అధికారి మారిపోయి కొత్తాయన ఈత నేర్చుకుంటున్నారని చెప్పారు.

"ఒక్క లాంఛనం మిగిలింది," అన్నారు. "తమరు స్వయంగా ధ్రువీకరించాలి. మీరు పరుగెత్తగలరు కదా?"

ఆ ఒక్క మాట చెప్పడానికే నేను ఏడాదిగా తిరిగాను. ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే చాలని ఎన్ని పొద్దులు అనుకున్నానో. మండలి నమ్మడానికి సిద్ధంగా ఉంది. గుమాస్తా కలం పట్టుకుని నా నోటికేసి చూస్తున్నాడు.

"లేదండి," అన్నాను. "నాకు పరుగు రాదు."

స్క్వాడ్ వీడియో ఉంది కదా అన్నారాయన. బస్సు చాలా నెమ్మదిగా వెళ్ళిందండి, నేను నడిచే అందుకున్నాను, జీపు మీటరు ఎలా ఉందో నాకు తెలియదు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన నొచ్చుకుంటారనుకున్నాను. ముఖం వికసించింది.

"అయితే మేము మొదట ప్రకటించిన ఫలితమే సరైనదన్నమాట," అన్నారు. అభ్యర్థి మాటకూ, జీపు మీటరుకూ పొంతన లేదు కాబట్టి దాన్ని తేల్చడానికి నిపుణుల సంఘం వేస్తారట. ఎంతకాలం పడుతుందన్నాను. అటువంటివి తొందరపడి తేల్చేవి కావని, అప్పటిదాకా నా ప్రస్తుత స్థితి యథాతథంగా కొనసాగుతుందని హామీ ఇచ్చారు. బయటికి వస్తుంటే నాకు సంతోషంగా ఉండాలి కదా అనిపించింది. కుంటుతూ మెట్లు దిగాను, ఎవరూ చూడకపోయినా.

ఇంటికి వచ్చేసరికి నీలవేణి, చైత్ర అన్నాల దగ్గర ఉన్నారు. ఏటన్నారు అని నీలవేణి అడిగింది. నేను పరుగెత్తలేనని చెప్పానన్నాను. ఆమె చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. నా కాళ్ళకేసి చూసింది. లేచి నాకు కంచం పెట్టింది.

మర్నాడు పొద్దున్న చైత్రని బడికి తీసుకెళ్తున్నాను. రాత్రి వాన పడి వెలిసింది. రోడ్డు ఖాళీగా, చల్లగా ఉంది. గాలి కొండ మీద గాలిలాగే ఉంది. చైత్ర బ్యాగు నా భుజానికి తగిలించి, నా చెయ్యి వదిలి, నాలుగడుగులు ముందుకెళ్ళి వెనక్కి తిరిగింది.

"నాన్నా, పరుగెత్తుకుంటూ వెళ్దామా?" అంది.

రోడ్డుకి ఆ చివర, ఈ చివర చూశాను. ఒక జీపు ఆగి ఉంది. అది పాలకేంద్రం జీపే అనుకుంటాను.

"నాకు రాదమ్మా," అన్నాను. "నువ్వు వెళ్ళు."

అది పరుగెత్తింది. నేను దాని వెనక నడిచాను.